గంగ ఒడ్డున బాపు పేరు

మా తమ్ముడు సత్యం మొన్న ఫోన్ చేసి, మంచీచెడూ ఏమీ అడగకుండానే, "అక్కా, పుష్కరాలు వస్తున్నయ్ గద. బాపుకు పిండం పెట్టాలె. పంతులు పేరు అడుగుతడు. ఏ పేరు చెప్పుమంటవ్?" అన్నాడు. అప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. అవి పొంగి పొయ్యి ఆరిపోయింది. ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పిన దాన్ని, కరీంనగర్ వీధుల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు "టీచరమ్మా" అని బండి ఆపి దండం పెట్టే దాన్ని. అలాంటిది, కన్నతండ్రి పేరేమిటని తోడబుట్టినవాడు అడిగితే "రేపు చెప్తా తియ్" అని ఫోన్ పెట్టేశాను. పొయ్యి తుడుచుకుంటూ ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఈ సిగ్గు నాకు కొత్తది కాదు, నా చిన్నతనం నుంచీ మా ఇంట్లో మాతోపాటు తిని మాతోపాటు పడుకున్నదే.

మా బాపుకు రెండు పేర్లు. కన్నవాళ్ళు పెట్టిన పేరు నర్సయ్య. బొగ్గుబాయిలో పేరు ఓదెలు. ఓదెలు అనేవాడు వేరే ఉన్నాడు, బాపు దోస్తు. ఇద్దరూ కలిసి పనికోసం వస్తే బాయిలో పని ఓదెలుకు దొరికింది, బాపుకు దొరకలేదు. ఓదెలు మొదటిరోజు కిందికి దిగి, ఆ చీకటీ ఆ ఉక్కా చూసి, పైకి రాగానే "గిది పని గాదు, బతికుండంగనే బొందల పండుడు" అని ఆ సాయంత్రమే ఎటో వెళ్ళిపోయాడు. తెల్లారి హాజరు పిలుస్తూ "ఓదెలూ" అంటే బాపు "ఉన్న" అన్నాడు. అంతే కథ. ఆ కాలంలో కిందికి దిగే మనిషి దొరికితే చాలు, ఎవడి మొహం ఎవడు చూశాడు? మా లైన్లలో, అంటే బాయి పనివాళ్ళ క్వార్టర్ల వరసల్లో, అట్లా మారుపేర్ల మీద పనిచేసేవాళ్ళు ఇంకా ఉండేవాళ్ళు. తర్వాత రోజులు మారాయి. ఎవరో ఒకరు పేరు లేకుండా అర్జీ పెట్టడం, విచారణ జరగడం, మనిషిని పనిలోంచి తీసేయడం మొదలైంది. మా పక్క లైనులో ఒకాయన్ని అట్లాగే తీసేస్తే, క్వార్టర్ ఖాళీ చేసి మంచాలు బండికెక్కించుకుంటూ ఆయన భార్య ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు బాపు అన్నం తినలేదు. ఎందుకు తినలేదో అప్పుడు నాకు తెలియదు.

నాకు తెలిసిందల్లా మా లైను. పొద్దున్నే ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యిలు రాజేస్తే లైనంతా పొగ కమ్ముకునేది. ఆ పొగ వాసనలోనే ఎవరింటి కూర ఏమిటో చెప్పేవాళ్ళం. మా ఎడమపక్క బీహారు నుంచి వచ్చిన శంభు చాచా, ఆయన భార్య చాచీ. వాళ్ళది గయ దగ్గర పల్లె. చాచీ ఆవనూనె కాచిందంటే మా అవ్వ, అంటే అమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, మా అవ్వ ఎండుచాపలు వేయించిందంటే చాచీ తలుపు వేసుకునేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరూ ఒకే గడప మీద కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్ళు. ఎదురుగా ఆదిలాబాద్ దిక్కునుంచి వచ్చిన మరాఠీవాళ్ళు. వాళ్ళ ముసలమ్మ కచ్చపోసి చీర కట్టి, పొద్దుటే తులసి చుట్టూ తిరుగుతూ పాడేది. లైను చివర పెద్ద క్వార్టర్‌లో కోస్తా నుంచి వచ్చిన మూర్తి గారు. ఆయన బాపు షిఫ్టుకు ఓవర్‌మన్, అంటే కింద పని చేయించే పెద్ద. మంచి మనిషి. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే పుష్కరాల రోజు మాకు జరిగిందంతా ఆయన మంచితనం వల్లనే జరిగింది.

దసరా వస్తే లైను ఖాళీ అయ్యేది. అందరికీ ఊర్లున్నాయి. మాకు లేదు. "మనూరు ప్రాజెక్టు కింద మునిగింది బిడ్డా" అనేవాడు బాపు. నేను నమ్మాను. ఎక్కడో నీళ్ళ కింద మా ఇల్లూ మా గొడ్లకొట్టమూ ఉన్నాయనుకుని బడిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. బాపుకు చెవుడని కూడా నమ్మాను. ఎవరైనా "ఓదెలూ" అంటే ఒక్క క్షణం ఆలస్యంగా పలికేవాడు. బాయిలో మందుగుండు పేలుళ్ళకు చెవులు పోయాయని అందరూ అనుకునేవాళ్ళు. అవ్వ మాత్రం మా అందరికంటే మెల్లగా మాట్లాడినా బాపుకు వినపడేది. ఇవన్నీ కళ్ళముందే ఉన్నా నాకు బోధపడలేదు, పిల్లలం కదా.

నా చిన్నతనంలో, సత్యం ఇంకా పుట్టకముందు, వచ్చిన పుష్కరాలకు లైనంతా కలిసి లారీ మాట్లాడుకుని ధర్మపురి పోయాం. లారీలో గడ్డి పరిచి, మీద జంపఖానాలు వేసి, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మా సద్దిమూటలో జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ, చాచీ మూటలో సత్తుపిండీ పచ్చిమిరపకాయలూ, మూర్తి గారి భార్య దగ్గర పులిహోర. దారి పొడవునా ఒకరి మూట ఒకరు విప్పించుకుంటూనే ఉన్నాం. మేము గోదారిని గంగ అంటాం. చాచీ గంగామయ్యా అంటుంది కానీ ఆమె గంగ వేరు. "నీ గంగ అసలుదా, మా గంగ అసలుదా?" అని మా అవ్వ ఆటపట్టిస్తే, "అసలుది మాదే, నీది దాని చెల్లెలు" అని చాచీ నవ్వింది. బాపు నవ్వలేదు. లారీ అంచు పట్టుకుని దారినే చూస్తున్నాడు. ఖానాపూర్ దిక్కున ఉన్న తన అక్కకు కబురు పంపాడని, అక్కాతమ్ముళ్ళు కలిసి ఎవరూ చూడని మూలన తమ తండ్రికి పిండం పెట్టుకోవాలని అనుకున్నారని, ఇదంతా అవ్వ తర్వాత చెప్పింది. అప్పటికి నాకు మేనత్త ఉన్నదనే తెలియదు.

అంత జనాన్ని నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. నర్సింహస్వామి గుడి నుంచి నీళ్ళదాకా తలలే తలలు. గంగ అవతలి నుంచి వచ్చిన మరాఠీ ఆడవాళ్ళు కొబ్బరికాయా రవికెగుడ్డా పెట్టి నదికి ఒడి నింపుతున్నారు, నది కూడా ఇంటికొచ్చిన ఆడబిడ్డే అన్నట్టు. ఆసిఫాబాద్ అడవుల నుంచి వచ్చిన గోండులు తెల్లని తలపాగాలతో, డోళ్ళూ సన్నాయిలతో తమ దేవుళ్ళను మోసుకొచ్చి నీళ్ళలో కడుగుతున్నారు. వాళ్ళ దగ్గరికి ఎవరూ పోకుండా వాళ్ళ పెద్దమనుషులు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. లంబాడా ఆడవాళ్ళు అద్దాల రవికెలతోనే మునిగి లేస్తుంటే ఎండకు నీళ్ళన్నీ మెరిశాయి. చాచీ మోకాళ్ళలోతు నిలబడి తన భాషలో పాట ఎత్తుకుంటే, ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి పక్కకొచ్చి గొంతు కలిపింది. ఆమెది చాచీ జిల్లానే అట! ఇద్దరూ తడి బట్టలతోనే కావిలించుకుని ఏడ్చారు. అంతమందిలో తమవాళ్ళు దొరికితే మనుషులు అట్లా ఏడుస్తారని అప్పుడే చూశాను.

మూర్తి గారు తమ ఎరుకలోని పంతులును ముందే మాట్లాడి, "మన షిఫ్టు వాళ్ళంతా ఒకే వరసలో కూర్చోండి, ఎవరికీ ఇబ్బంది లేకుండా చేయిస్తాను" అని అందరినీ ఇసుకలో కూర్చోబెట్టారు. బాపు తప్పించుకోబోయాడు. "నాకు పనుంది సారూ, మల్ల వస్త" అన్నాడు. "తండ్రికి పిండం పెట్టడం కంటే పనేంటయ్యా?" అని మూర్తి గారు భుజం పట్టి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తడి ధోవతి, చేతికి దర్భ ఉంగరం, ముందు విస్తరిలో నువ్వులు కలిపిన అన్నం ముద్దలు. నేనూ అవ్వా వెనక పొడిబట్టలు పట్టుకుని నిలబడ్డాం. "తండ్రి పేరు?" అన్నాడు పంతులు. బాపు గొంతు సవరించుకుని, "మల్లయ్య" అన్నాడు. అది అసలు ఓదెలు తండ్రి పేరు. ఆ మల్లయ్య అప్పటికి ఉన్నాడో పోయాడో కూడా బాపుకు తెలియదు. ఎవరి తండ్రికో, బతికున్నాడేమో తెలియని మనిషికి, మా బాపు కళ్ళు మూసుకుని ముద్ద పెట్టాడు.

అప్పుడే వెనకనుంచి ఒక ఆడమనిషి కేక. "ఓ నర్సిగా! తమ్మీ! నర్సిగా!" జనాన్ని తోసుకుంటూ వచ్చి, బాపు భుజం మీద చెయ్యేసి ఊపింది. "పొద్దటి సంది దేవులాడుతున్నరా, ఈడ కూసున్నవా?" బాపు తల తిప్పలేదు. అంత దగ్గరగా పిలుస్తుంటే తల తిప్పని మనిషిని చూసి, చెవుడు ఇంత ఎక్కువైందా అనుకున్నాను. మూర్తి గారే తిరిగి చూశారు. "ఎవరమ్మా నువ్వు? ఎవరు కావాలి? ఇతను ఓదెలు." అప్పుడు బాపు ఇసుక వైపే చూస్తూ, "నేను గాదవ్వా. ఎవల్నో చూసి నేననుకున్నవ్" అన్నాడు.

ఆమె చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. బాపును చూసింది, మూర్తి గారిని చూసింది, వరసలోని మనుషులందరినీ చూసింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నాలుగు చోట్ల అతుకులున్న చీర కట్టుకున్న పల్లెటూరి మనిషే కానీ, అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. "అవు సారూ, తప్పు చూసిన. మా తమ్ముని లెక్కనె కనవడ్డడు" అంది. మూర్తి గారు అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆయన లేచి, "మీ తమ్ముడు తప్పిపోయాడా తల్లీ? కంగారు పడకు. అదుగో అక్కడ మైకులో చెప్పిద్దాం. పేరు నర్సయ్యేనా? ఏ ఊరు? ఎక్కడ పనిచేస్తాడు?" అని అడిగారు. మైకులో అప్పటికే తప్పిపోయినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ తెంపులేకుండా వినిపిస్తున్నాయి. మైకులో ఆ పేరూ ఆ ఊరూ పలికితే, ఊరివాళ్ళు ఎవరైనా వచ్చి నిలబడితే, పనీ పోతుంది, క్వార్టరూ పోతుంది.

"తప్పిపోలే సారూ" అందామె. "సచ్చిపోయిండు."

"అయ్యో! మరి పిండం ఎవరు పెడతారు? మగపిల్లలెవరైనా వచ్చారా?"

"ఎవ్వల్లేరు సారూ. మా బాపుకు సుత పెట్టేటోళ్ళు లేరు."

మూర్తి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. పంతులును అడిగితే, ఆడవాళ్ళు పెట్టకూడదు, కానీ ఆమె తరపున ఎవరైనా మగవాడు పెట్టొచ్చు అన్నాడు. మూర్తి గారు అటూ ఇటూ చూసి, "ఓదెలూ! ఆ తల్లి నిన్నే తమ్ముడనుకుంది. పుణ్యం ఉంటుంది, నువ్వే పెట్టవయ్యా" అన్నారు. ఎవరు కాదంటారు? మా అత్త బాపు పక్కన ఇసుకలో కూర్చుంది. గోత్రం తెలియదంటే పంతులు కాశ్యపస గోత్రం అన్నాడు. తండ్రి పేరు అడిగితే అత్త "పోశెట్టి" అంది, బాపు "పోశెట్టి" అన్నాడు. తాత పేరు "పెద్ద గంగన్న" అంది, బాపు "పెద్ద గంగన్న" అన్నాడు. వచ్చింది ఇందుకే కదా, తండ్రికి పిండం పెట్టడానికే కదా! పెట్టాడు. మూడో ముద్ద దగ్గర పంతులు, "పోయిన తమ్ముడి పేరు?" అన్నాడు. అత్త గంగ దిక్కు చూసింది. పంతులు మళ్ళీ అడిగాడు. "నర్సయ్య" అంది. బాపు ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. పేరు నోట్లోనే అనుకున్నాడు. "గట్టిగా చెప్పు నాయనా, వాళ్ళకు అందాలి" అన్నాడు పంతులు. అప్పుడు మా బాపు, ఊపిరాడుతున్న మనిషి, తడి ధోవతిలో కూర్చుని, నలుగురికీ వినపడేటట్టు "నర్సయ్య" అని తన పేరు తానే చెప్పి, తనకు తానే పిండం పెట్టుకున్నాడు.

అత్త లేచి మూర్తి గారికి దండం పెట్టింది. "మీ కడుపు సల్లగుండ" అంది. మా దిక్కు చూడకుండా నడిచింది. నా ముందునుంచే పోయింది, నా తల నిమరలేదు. నేనెవరో ఆమెకు తెలుసు. ఆమె చెయ్యి లేచి, మళ్ళీ కొంగులోకి పోయింది.

తిరుగు ప్రయాణంలో ఎవరి మూటా ఎవరూ విప్పించలేదు. మూర్తి గారు ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నారు, వెనక ఉన్నది మా లైనువాళ్ళమే. అవ్వ నా చెవిలో మేనత్త సంగతీ పేరు సంగతీ చెప్పింది. అప్పుడు తెలిసింది నాకు, లైనంతటికీ మా సంగతి ఎప్పటినుంచో తెలుసని. మరాఠీ ముసలమ్మకు తెలుసు, శంభు చాచాకు తెలుసు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. వాళ్ళు మాకోసం మొహాలు పక్కకు తిప్పుకుని కూర్చోవడం చూసి నాకు లారీలోంచి దూకి పారిపోవాలనిపించింది. అవ్వ వెక్కుతుంటే చాచీ దగ్గరికి జరిగి, వచ్చీరాని తెలుగులో మెల్లగా అంది. "రోవొద్దు బహెన్. మా గయాజీల బతికి ఉన్నప్పుడే తన పిండం తనే పెట్టుకుంటరు. వెనక ఎవ్వరూ లేనోళ్ళు, సాధువులు. పాపం కాదు అది, మంచిదే. ఫికర్ చెయ్యకు." ఎంత దూరం నుంచి వచ్చిందో ఆ మాట! మాకు మొహం చెల్లని పని వాళ్ళ దిక్కు ఒక ఆచారమట. నేను ఆ మాటను పట్టుకుందామనుకున్నాను. అవ్వ పట్టుకోనివ్వలేదు. కళ్ళు తుడుచుకుని, "మీ తాన పున్నానికి పెట్టుకుంటరు చాచీ. మాయన భయానికి పెట్టుకున్నడు" అంది.

ఆ తర్వాత బాపు ఊపిరితిత్తులు చెడేదాకా ఆ పేరుతోనే పనిచేశాడు. మూర్తి గారు బదిలీ మీద వెళ్ళిపోయేటప్పుడు బాపును కావిలించుకుని, "ఆ రోజు ఆ తల్లికి చేసిన ఉపకారం నేను మరిచిపోలేదోయ్" అన్నారు. బాపు తల దించుకున్నాడు. పని మానేశాక ఖానాపూర్ పోయి అక్క కాళ్ళ మీద పడ్డాడు. అత్త లేపి కూర్చోబెట్టి, కోడిని కోసి వండి పెట్టింది. కానీ బతికినన్ని రోజులూ ఆయన్ని "తమ్మీ" అనే పిలిచింది తప్ప పేరు పెట్టి పిలవలేదు. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను. "గంగకు ఇచ్చిన పేరు మల్ల ఎట్ల పిలుస్త బిడ్డా?" అంది. బాపు పోయినప్పుడు చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు ఫొటో, కింద పెద్దపెద్ద అక్షరాలతో ఓదెలు. అత్త చదువు రాని మనిషి, "ఏం రాసిన్రు?" అని నన్నడిగింది. పిల్లలకు అక్షరాలు దిద్దించిన నోటితో నేనే చదివి వినిపించాను. ఆమె "ఊఁ" అంది. నిరుడు ఆమె కూడా పోయింది. నర్సయ్యను ఆ పేరుతో ఎరిగిన ఆఖరి మనిషి ఆమే.

ఇప్పుడు ధర్మపురికి లారీలో పోయేవాళ్ళెవరూ లేరు, ఎవరి కారు వాళ్ళది. మెట్ల మీద జల్లుస్నానాల గొట్టాలు వేస్తారు, పైన కెమెరాలు తిరుగుతాయి. మా లైను సగం కూలగొట్టేశారు. చాచీ పిల్లలు గయకు మళ్ళలేదు, ఇక్కడే తెలుగులో మాట్లాడి తెలుగులో కొట్లాడుకుంటున్నారు. కాలం ఇంత మారింది కదా, పాత పేరుకు భయపడేదేముంది, అని ఎవరైనా అనొచ్చు. నేనూ అదే అనుకుని నిన్న సత్యానికి ఫోన్ చేశాను.

"నర్సయ్య అని చెప్పు. తండ్రి పోశెట్టి, తాత పెద్ద గంగన్న" అన్నాను.

"గా పేరుకు ఒకసారి పెట్టినమంటివి గద అక్కా. మల్ల పెట్టొచ్చునా?"

"పెట్టొచ్చు. అప్పుడు పెట్టింది బతికున్నోనికి."

"మా షిఫ్టోళ్ళంత ఒక్కతాన్నే కూసుంటరు. మా సూపర్‌వైజర్ సుత వస్తుండు" అన్నాడు. సత్యానికి బాయిలో ఉద్యోగం వచ్చింది బాపు పని మానేసినప్పుడు, ఓదెలు కొడుకుగా. ఇంకా కొన్నేళ్ళు చెయ్యాలి. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

"వస్తే ఏమైంది?" అన్నాను, బడిలో గద్దించినట్టే.

"ఏం లేదు అక్కా. నర్సయ్యనే చెప్త. జర మెల్లగ చెప్త."

గట్టిగా చెప్పమని అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్క లైను ఆడమనిషి మంచాలు బండికెక్కిస్తూ ఏడ్చిన ఏడుపు కూడా చెవుల్లోకి వచ్చింది.

"మెల్లగనే చెప్పు తమ్మీ" అన్నాను. "పంతులు చెవిల చెప్పు."